ఐదు డాలర్ల తువ్వాలు

(అమెరికా ఉత్తర కరోలినాలోని షార్లెట్‌లో తెలుగువారి నెలవారీ సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు, వెనక వరసలో పులిహోర వాసన పసిగట్టినవాళ్ళకు అందరికీ కలిపి ఒకటే నమస్కారం. కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. అందులో ఆరు నిమిషాలు నా పరిచయానికే ఆయన వాడుకున్నారు. "ప్రముఖ ఆర్థికవేత్త" అని కూడా అన్నారు. నేను ఆర్థికవేత్తను కానండీ. తువ్వాళ్ళ మిల్లులో క్వాలిటీ చూసేవాణ్ణి.

నాకిచ్చిన అంశం: స్వేచ్ఛా వాణిజ్యం, అంటే దేశాల మధ్య సుంకాల అడ్డు లేని వ్యాపారం, దానివల్ల మామూలు అమెరికన్ కార్మికుడికి మేలా, కీడా? ఇది వాన మంచిదా, చెడ్డదా అని అడిగినట్టుంది. నారు పోసుకున్నవాణ్ణి అడిగితే ఒకటి చెబుతాడు. కల్లంలో ధాన్యం ఆరబోసుకున్నవాడు ఇంకోటి చెబుతాడు. ఇద్దరూ అబద్ధం ఆడట్లేదు. మొత్తం మీద జిల్లాకు వాన మంచిదేనని కలెక్టరాఫీసు లెక్క తీస్తుంది. ఆ లెక్కా నిజమే. మరి తడిసిన ధాన్యం సంగతి ఎవరు చూడాలి? నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇక కూర్చోవచ్చు గానీ, ఇంకా పద్నాలుగు నిమిషాలున్నాయి.

మాది చీరాల. మా తాత గుంట మగ్గం మీద నేశాడు. మిల్లు గుడ్డ పేరెత్తితే ఉమ్మేసేవాడు. నేను టెక్స్‌టైల్ చదువుతానన్నప్పుడు, "అంటే మన పొట్ట కొట్టే చదువన్నమాట" అన్నాడు. ఆ చదువే నన్ను 1985లో ఉత్తర కరోలినా తీసుకొచ్చింది. పద్ధెనిమిదేళ్ళు ఒకే మిల్లులో పనిచేశాను. పేరు చెప్పను. మిల్లు ఇప్పుడు లేదు, దాని యజమానుల వారసులు మాత్రం ఉన్నారు.

నా మిల్లు పేరు చెప్పను గానీ అందరికీ తెలిసిన ఊరి పేరు చెబుతాను. ఇక్కణ్ణుంచి ఐ-85 హైవే ఎక్కితే అరగంటలో కన్నాపొలిస్ వస్తుంది. మీరంతా పిల్లల్ని బేస్‌బాల్‌కి తీసుకెళ్ళే ఊరే. తువ్వాళ్ళ కంపెనీ కానన్ మిల్స్ కట్టిన ఊరు అది. ఇళ్ళు, వీధులు, దుకాణాలు, అన్నీ కంపెనీవే. 1984 దాకా దానికి సొంత మునిసిపాలిటీ కూడా లేదు. తరాల తరబడి అమ్మా నాన్నా, పిల్లలూ అదే గేటులోంచి లోపలికెళ్ళారు. చివరికి పిల్లోటెక్స్ అనే కంపెనీ చేతిలో పడి, 2003 జూలై 30న మూతబడింది. ఒక్క ఉత్తర కరోలినాలోనే 4,800 మంది దాకా ఒక్కరోజులో రోడ్డున పడ్డారు. అంతకుముందు ఈ రాష్ట్రంలో ఒకేసారి అన్నేసి ఉద్యోగాలు ఎప్పుడూ పోలేదు. మా మిల్లు కూడా ఆ ఏడే పోయింది. మాది చిన్న చావు, పేపర్లో రెండు అంగుళాల వార్త.

కాగితం మీద రాసుకొచ్చిన అంకెలు కొన్ని చెప్పేస్తాను, లేకపోతే కార్యదర్శిగారు బాధపడతారు. 2000 సంవత్సరంలో అమెరికా ఫ్యాక్టరీల్లో సుమారు కోటీ డెబ్భై లక్షల మంది పనిచేసేవారు. 2010 మొదట్లో కోటీ పదిహేను లక్షలకు దిగింది. మధ్యలో జరిగింది మీకు తెలుసు. మెక్సికోతో నాఫ్టా అనే వాణిజ్య ఒప్పందం 1994లోనే అమల్లోకొచ్చింది. 2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోలో చేరింది. 2005 జనవరి 1తో బట్టల దిగుమతికి ఇంతే అని పరిమితి పెట్టిన పాత కోటాలు కూడా పోయాయి. డేవిడ్ ఆటర్, ఆయనతోటి ఆర్థికవేత్తలు లెక్కలు వేసి, 1999 నుంచి 2011 దాకా చైనా దిగుమతుల వల్ల పోయినవి ఇరవై నుంచి ఇరవై నాలుగు లక్షల ఉద్యోగాలు అన్నారు.

మరి మిగతావి? 2008 మాంద్యం కొన్ని తినేసింది. యంత్రాలు కొన్ని తినేశాయి. ఆ యంత్రాల్లో కొన్ని తెచ్చిపెట్టింది నేనే. ఇది ఒప్పుకోకపోతే మా తాత కల్లోకొచ్చి తంతాడు. నేను చేరినప్పుడు మా మిల్లులో పేకను, అంటే అడ్డపోగును, అటూ ఇటూ మోసే నాడె కొట్టుకునే పాత మగ్గాలు ఉండేవి. తర్వాత నాడె లేకుండా గాలితో పేక విసిరే మగ్గాలొచ్చాయి. పది మంది చేసే పని ముగ్గురితో అయిపోతుందని రిపోర్టు రాసి, కింద సంతకం పెట్టాను. ఆ ఏడుగురి ఉద్యోగాలు చైనావాడు తియ్యలేదండీ. కానీ అప్పుడు ఎవరూ నా మీద జెండా పట్టుకుని రాలేదు. యంత్రానికి పాస్‌పోర్టు ఉండదు కదా, దాన్ని తిట్టడంలో ఎవరికీ ఓట్లు రావు.

ఇక్కడ నేను రెండో పేజీ చదవాలి. పాతకాలపు ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో, పోర్చుగల్ ద్రాక్షసారా, ఇంగ్లండు గుడ్డ అని ఏదో రాసుకున్నాను. వదిలేస్తున్నాను. దాని బదులు ఒకావిడ గురించి చెబుతాను.

ఆవిడ వీవ్ రూమ్‌లో, అంటే మగ్గాల హాల్లో, ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసింది. వీవ్ రూమ్‌లో ఆ మోతకి చెవులు పనికిరావు. పెదాలు చూసి మాట పట్టుకోవాలి. నేను కొత్తగా వచ్చినప్పుడు నా ఇంగ్లీషు ఎవరికీ అర్థమయ్యేది కాదు, ఆవిడకి తప్ప. ఎందుకంటే ఆవిడ నా మాట వినేది కాదు, చూసేది! ఈ దేశంలో నన్ను మొట్టమొదట అర్థం చేసుకున్న మనిషి. ఊళ్ళో వాళ్ళు మిల్లు మనుషుల్ని "లింట్‌హెడ్" అనేవాళ్ళు, తల నిండా దూదిపొట్టు అంటుకుని ఉంటుందని. ఆవిడ ఆ మాటకి నవ్వేసేది. పనిలో మాత్రం పట్టు వదిలేది కాదు. నేను సెకండ్స్‌లో, అంటే లోపమున్న సరుకులో, పడేసిన తువ్వాలు పట్టుకొచ్చి, ఇది ఎందుకు సెకండ్స్ అని నాతో పోట్లాడేది. సగం సార్లు ఆవిడదే రైటు.

మిల్లు మూసేశాక నన్ను పది వారాలు అట్టిపెట్టారు. మగ్గాలకు నంబర్లు వేసి, చీటీలు కట్టి, పెట్టెల్లో పెట్టించే పని. ఒకరోజు ఆవిడ తన కత్తెర, పోగులు లాగే కొక్కెం తీసుకోవడానికి వచ్చింది. అంత నిశ్శబ్దమైన వీవ్ రూమ్ నేను అంతకుముందు చూడలేదు. అయినా అలవాటు కొద్దీ నా పెదాల వైపే చూస్తోంది. పెట్టె మీద ఇండియా రేవు పేరు కనబడింది. "మీ ఊరికేనా?" అని అడిగింది. "మా ఊరికి కాదు, మా దేశానికి" అన్నాను. తిడుతుందనుకున్నాను. కొంచెంసేపు ఊరుకుని, "పద్దెనిమిదో నంబరు మగ్గానికి ఎడమ పక్క పడుగు వదులవుతుంది. రోజూ చూసుకోవాలి. వాళ్ళకి చెప్పు" అంది.

వెళ్ళిపోయింది. నేను చీటీ మీద అదే రాసి, మగ్గానికి కట్టాను.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళు చేతులెత్తండి... సరే, దించండి, అడగక్కర్లేని ప్రశ్న. మీలో ఎంతమంది ఇక్కడి ఉద్యోగి పక్కన కూర్చుని ఆయన పని నేర్చుకుని ఇండియా పంపించారు? ఆ నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్‌కి మీరు కేటీ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆ తర్వాత, మీలో ఎంతమంది ఇంకొకరికి కేటీ ఇచ్చి ఇంటికొచ్చి పడుకున్నారు? చేతులెత్తొద్దు. భార్యకి ఇంకా చెప్పనివాళ్ళు ఉండొచ్చు. ఆవిడ నాకు ఇచ్చింది కూడా కేటీనే. దానికి జీతం ఎవరూ ఇవ్వలేదు, అంతే తేడా.

అంటే స్వేచ్ఛా వాణిజ్యం చెడ్డదంటున్నానా? తొందరపడకండి. ఈ రాష్ట్రం దాటితే స్పార్టన్‌బర్గ్ ఉంది. అదీ ఒకప్పుడు మిల్లుల సీమే. అక్కడ బీఎండబ్ల్యూ వాడు 1994లో కార్లు చెయ్యడం మొదలుపెట్టాడు. ఇప్పుడు విలువ లెక్కన అమెరికా నుంచి కార్లు ఎగుమతి చేసే ఫ్యాక్టరీల్లో అది ముందు వరసలో ఉంది. వేల మందికి మంచి జీతాలు. తలుపులు మూసుకుని కూర్చుంటే ఆ ఫ్యాక్టరీ లేదు. అలాగే, తక్కువ జీతం మీద ఇల్లు నడిపేవాడికి జీతంలో ఎక్కువ భాగం సరుకులకే పోతుంది. చౌక చొక్కా, చౌక బూట్లు వాడికే ఎక్కువ ఉపయోగం. లాభం నిజం. ఎటొచ్చీ, ఆ లాభం దేశమంతటి మీదా సన్నటి తుంపరలా పడింది. ఒక్కొక్కరికి తువ్వాలు మీద రెండు డాలర్లు. నష్టం మాత్రం కన్నాపొలిస్ నెత్తిన కుంభవృష్టి.

పని పోయినవాళ్ళు పని ఉన్న ఊరికి వెళ్ళిపోతారని పుస్తకాల్లో రాశారు. వెళ్ళలేదు. ఆటర్ బృందం లెక్కలూ అదే చెప్పాయి. ఎలా వెళతారండీ? మిల్లు పోయిన ఊళ్ళో ఇల్లు ఎవరు కొంటారు? ముసలి తల్లి చర్చి పక్క వీధిలో ఉంటుంది. ఏభై ఒకటో ఏట బీఎండబ్ల్యూ వాడు పిలిచి ఉద్యోగం ఇస్తాడా?

దీనికి ప్రభుత్వం ఏమీ చెయ్యలేదనను. కెన్నెడీ 1962లోనే మాట ఇచ్చాడు. దిగుమతుల వల్ల పని పోయినవాళ్ళకు భత్యం, కొత్త చదువు ఇస్తామని చట్టం చేశారు. ఆ పథకం కిందే మా ఆవిడ, మా ఆవిడంటే నా భార్య కాదండీ, నవ్వకండి, ఆ నేతగత్తె కమ్యూనిటీ కాలేజీలో చేరింది. హైస్కూలు మధ్యలో మానేసి మిల్లుకొచ్చిన మనిషి. మిల్లువాళ్ళలో అలాంటివాళ్ళు చాలామంది. హైస్కూలు చదువుకి సమానమైన జీఈడీ పరీక్ష రెండోసారికి పాసైంది. ఆస్పత్రి రికార్డుల కోర్సు చేసింది. సర్టిఫికెట్ వచ్చింది, ఉద్యోగం రాలేదు. 2002 చట్టంలో ఆరోగ్య బీమాకి కూడా సాయం పెట్టారు. అప్పట్లో ప్రీమియంలో 65 శాతం ప్రభుత్వం కట్టేది. వినడానికి బాగుంది. మిగతా 35 శాతం జీతం లేని మనిషి ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఆవిడ బీమా వదిలేసింది. బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకునేది.

ఇక ఆ పథకం గతేమిటో తెలుసా? 2022 జూలై 1 నుంచి ఆగిపోయింది. కొత్తగా పని పోయినవాళ్ళ దరఖాస్తులు తేల్చేవాడు లేడు. టీవీలో రెండు పార్టీలవాళ్ళూ కార్మికుడి పేరు చెప్పి గుండెలు బాదుకుంటున్న రోజుల్లోనే ఇది జరిగింది. దీని గురించి ఎవరైనా ఊరేగింపు తీశారా? ఒక్క చిన్న సంతకం చాలండీ, ఒక్క ఓటు... సరే, నాకు ఆవేశం వద్దని ఇంట్లో చెప్పి పంపించారు. నీళ్ళు తాగుతాను.

మరి సుంకాలు వేస్తే మిల్లు తిరిగొస్తుందా అని అడుగుతారు. 2018లో బయటి వాషింగ్ మెషీన్ల మీద వేశారు. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్, షికాగో యూనివర్సిటీ ఆర్థికవేత్తలు కలిసి లెక్క చూశారు. మెషీన్ల ధర దాదాపు 12 శాతం పెరిగింది. డ్రయర్ మీద సుంకం లేదు, అదీ పెరిగింది. రెండూ జతగా అమ్ముతారు కదా, దుకాణాలవాళ్ళు మనకంటే తెలివైనవాళ్ళు. సుమారు 1,800 ఉద్యోగాలు వచ్చాయి. ఒక్కో ఉద్యోగానికి కొనేవాళ్ళ జేబులోంచి పోయింది 8 లక్షల 15 వేల డాలర్లు. ఆ డబ్బులో పదో వంతు మా నేతగత్తె చేతిలో పెట్టి ఉంటే కన్నాపొలిస్‌లో సగం వీధికి ఆవిడే పెళ్ళిళ్ళు చేసేది.

మనవాళ్ళ సంగతీ చెప్పాలి. అమెరికాలో తినే రొయ్యల్లో నూటికి తొంభైకి పైగా బయటివే. అందులో పెద్ద వాటా ఇండియాది, ఇండియా వాటాలో పెద్దది ఆంధ్రాది. లూజియానా తీరంలో పడవ మీద వలేసేవాడు ఆ ధరకి అమ్మలేక 2003 చివర్లో కేసు వేశాడు, 2005లో యాంటీ డంపింగ్ సుంకం, అంటే బయటివాడు మరీ చౌకగా తెచ్చి కుమ్మరించే సరుకు మీద వేసేది, వచ్చింది. ఆ పడవలవాళ్ళలో చాలామంది వియత్నాం నుంచి శరణార్థులుగా వచ్చినవాళ్ళు. 2025 ఆగస్టు చివర్లో ఇండియా సరుకు మీద సుంకం 50 శాతానికి చేరినప్పుడు భీమవరం నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు: "బావా, మీ వాళ్ళు మా కొంప ముంచారు" అని. నలభై ఏళ్ళ కింద మిల్లులో నన్ను చూసి "మీ వాళ్ళు" అన్నారు, ఇప్పుడు మా బావమరిదీ "మీ వాళ్ళు" అంటున్నాడు. నా వాళ్ళెవరో నాకు ఎవరైనా చెప్పండి.

1931లో గాంధీగారు లండన్ వెళ్ళినప్పుడు, లాంకషైర్‌లో డార్వెన్ అనే మిల్లు ఊరికి కూడా వెళ్ళారు. విదేశీ గుడ్డ వద్దన్నది ఆయన, దానివల్ల పనులు పోయింది వాళ్ళకు. ఆయన ముఖం తప్పించుకోలేదు. వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడి మాట్లాడారు. మన ఒప్పందాల మీద సంతకాలు పెట్టినవాళ్ళలో ఎంతమంది కన్నాపొలిస్ వెళ్ళి నిలబడ్డారు? నేను కూడా వెళ్ళలేదు లెండి. నాకు రెండు నెలల్లో వేరే ఉద్యోగం దొరికింది.

కార్యదర్శిగారు వాచీ చూస్తున్నారు. ఒక్క నిమిషం.

మిల్లు పోయిన ఆరేళ్ళకి ఒక పెద్ద స్టోర్‌లో ఆవిడ కనబడింది. కౌంటర్ దగ్గర నిలబడి బిల్లు కొడుతోంది. మిల్లులో గంటకి పదమూడు డాలర్లు తెచ్చుకున్న మనిషి, ఇక్కడ ఎనిమిది. నా బుట్టలో ఒక తువ్వాలుంది, ఐదు డాలర్లది, మేడిన్ ఇండియా. నాకు దాన్ని ఎక్కడ దాచాలో తెలియలేదు. ఆవిడ బిల్లు కొట్టకుండా దాన్ని విప్పింది. పోగులు వేళ్ళతో రుద్దింది, బాగుందన్నట్టు తలూపింది. అంచు వెంబడి గోరు పెట్టి లాక్కుంటూ వచ్చి, ఎడమ పక్క ఆగింది. వెనక క్యూలో జనం గొణుగుతున్నారు.

"వదులుగా ఉంది. ఆ చీటీ రాయలేదు కదూ నువ్వు?" అంది.

రాశానన్నాను. నా పెదాల వైపు చూసి, ఇంకోసారి చెప్పమంది.