బెంచీలు ఖాళీ అవుతున్న పాత సంఘం: మళ్లీ నిండాలంటే ఏం చేయాలి?

[తెరపై: పాత మిషన్ గుడి, ఆదివారం ఆరాధన. ముందు నాలుగు వరసల్లో జనం, వెనక ఖాళీ బెంచీలు]

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అక్కడి బాప్టిస్టు సంఘాలు, గుంటూరు లూథరన్ సంఘాలు, 1947లో సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కలిసిన దోర్నకల్, మెదక్ ప్రాంతాల సంఘాలు, ఇవన్నీ పల్లెల్లో పుట్టినవి. పల్లె మారింది. పిల్లలు చదువుకీ పనికీ ఊరు దాటారు. క్రిస్మస్‌కి నిలబడటానికి చోటు దొరకని గుడిలో ఆగస్టు ఆదివారం నాడు సగం బెంచీలు ఖాళీగా ఉంటున్నాయి.

సంఘం పలచబడిందనగానే కమిటీకి ముందు తోచేది ఉజ్జీవ సభలు. మూడు రాత్రులు, షామియానా, సౌండు, బయటి ప్రసంగీకుడు, ఆఖరి రోజు భోజనాలు. జనం బాగానే వస్తారు. అయితే వాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల సంఘాల విశ్వాసులే. నాలుగో రోజుకి మిగిలేది షామియానావాడి బాకీ. సభలు వద్దని మేం అనడం లేదు. దానికంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది: రాకుండా పోయినవాళ్లెవరో, ఎందుకు రావడం లేదో తెలుసుకోవడం.

[తెరపై: కుటుంబ రిజిస్టరు, చేతిరాత]

లెక్క కోసం 140 కుటుంబాల సంఘం అనుకుందాం. చాలా చోట్ల సభ్యుల జాబితా అంటే ట్రెజరర్ దగ్గరుండే చందా పుస్తకమే. చందా ఆగిన ఇల్లు జాబితాలోంచి జారిపోతుంది. అందుకే కొత్త పుస్తకం తీయండి. ఇంటి పెద్ద పేరు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరు ఏ ఊళ్లో పని చేస్తున్నారు, ఫోన్ నంబరు, ఆఖరిసారి గుడికి ఎప్పుడొచ్చారు, కారణం తెలిస్తే కారణం. ఇంతే. చందా గడి పెట్టొద్దు.

చందా మాట వచ్చింది కాబట్టి చెప్పుకోవాల్సిందే. ఇంట్లో మనిషి పోయి, శవం వాకిట్లో ఉండగా, సమాధుల తోటలో చోటు కావాలంటే పాత బాకీ కట్టమనే అలవాటు కొన్ని సంఘాల్లో ఇంకా ఉంది. ఆ రోజు అప్పు చేసి కట్టిన కొడుకు మళ్లీ ఆ గుడి గడప తొక్కడు. వాడి పిల్లలూ తొక్కరు. సంఘం కోలుకోవాలన్న కోరిక నిజమైతే కమిటీ చేయాల్సిన మొదటి తీర్మానం ఇదే: సమాధికీ చందాకీ సంబంధం లేదు. తీర్మానం చేసి ఊరుకోకుండా మూడు ఆదివారాలు వరసగా చదివి వినిపించండి.

రిజిస్టరు విషయంలో ఇంకో జాగ్రత్త. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ్యంలోకి వచ్చినవారికి ఎస్సీ హోదా ఉండదు. మన రెండు రాష్ట్రాల్లో వాళ్లకి బీసీ-సీ, అందులో రిజర్వేషన్ 1 శాతం. పిల్లల చదువు, ఉద్యోగం గుర్తొచ్చి గుడికి దూరంగా ఉండే కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. వాళ్లని పుల్పిట్ మీంచి ఎత్తిపొడవకండి. అడగకుండా బాప్తిస్మం ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. రిజిస్టరు బీరువాలో, తాళం వేసి ఉండాలి.

[తెరపై: సాయంత్రం, ఇద్దరు స్త్రీలు ఒక ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతూ]

తర్వాత ఇళ్లకు వెళ్లడం. పాస్టరుగారొక్కరే తిరిగితే ఏడాది పడుతుంది. పైగా ఆయన ముందు ఎవరూ మనసులో మాట చెప్పరు. సంఘంలోంచి పది జతల్ని తీయండి. జతకి వారానికి మూడు ఇళ్లు, అంటే వారానికి 30. అయిదు వారాల్లో 140 ఇళ్లూ అయిపోతాయి. కూలి పనికి వెళ్లే ఇళ్లకు రాత్రి ఏడు దాటాకే వెళ్లాలి. మిర్చి కోతలు, వరి నాట్లు ముమ్మరంగా ఉన్న నెలల్లో పెట్టుకోవద్దు. ఇంటికి ఇరవై నిమిషాలు చాలు. మీ ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు? సంఘం వల్ల మీకేమైనా బాధ కలిగిందా? దేనికోసం ప్రార్థన చేయమంటారు? అడగాల్సినవి ఈ మూడే. రెండో ప్రశ్నకి జవాబు చెబుతుంటే అడ్డు రావొద్దు, కమిటీని వెనకేసుకు రావొద్దు. కానుక కవరు జేబులో ఉండనే కూడదు. కవరు కనిపించిందా, ఆ ఇంట్లో మాట అక్కడితో ఆగిపోతుంది.

ఇళ్లు తిరిగితే బయటపడే కారణాల్లో విశ్వాసం పోయిందన్నది తక్కువ. ఆదివారం సెలవు లేకపోవడం ఎక్కువ. షాపింగ్ మాల్, ఆసుపత్రి, సెక్యూరిటీ, డెలివరీ పనుల్లో ఉన్నవాళ్లకి పదిన్నరకి మొదలై ఒంటిగంటన్నరకి ముగిసే ఆరాధన అందదు. ఉదయం ఆరున్నరకి 75 నిమిషాల ఆరాధన పెట్టండి. పాటలు 15, ప్రార్థన 10, వాక్య పఠనం 5, ప్రసంగం 25, కానుక, సంస్కారం (అంటే ప్రభు రాత్రి భోజనం) 15, ప్రకటనలు 5. మొదటి ఆరాధనని చిన్నచూపు చూసి ప్రభు రాత్రి భోజనం రెండోదానికే ఉంచితే అది మూడు నెలల్లో మూతపడుతుంది. సౌండు గుడి లోపలికే సరిపెట్టండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయటికి వినపడే లౌడ్‌స్పీకరుకి నిబంధనలు ఒప్పుకోవు.

పాటల మీద ముసలివాళ్లకీ కుర్రాళ్లకీ పేచీ ఎప్పుడూ ఉండేదే. వారానికి ఒక ఆంధ్ర క్రైస్తవ కీర్తన పాడండి, పాడే ముందు ఒక చరణానికి అర్థం చెప్పండి. పురుషోత్తమ చౌదరి కీర్తనల భాష ఇంగ్లీషు మీడియం పిల్లలకి అందక దూరమైంది గానీ, ఆ రాగాలంటే వాళ్లకి అయిష్టం లేదు. ఆ పిల్లల్లో చాలామందికి తెలుగు బైబిలు చదవడమే రాదు. సండే స్కూలుకి ముందు పది నిమిషాలు, ఒక్క వాక్యం పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాసి కూడబలుక్కుని చదివించండి. ఏడాదిలో సగం మంది పిల్లలు గుడిలో నిలబడి వాక్యం చదవగలిగితే, వినడానికి అమ్మానాన్నలు వస్తారు.

[తెరపై: ఒక ఇంట్లో పదిమంది చాప మీద కూర్చుని, మధ్యలో టీ గ్లాసులు]

ఇక వారం మధ్యలో జరిగే ఇంటి కూడికలు. మా దృష్టిలో సంఘం ప్రాణం ఇక్కడే ఉంది. ఎనిమిది నుంచి పన్నెండు మంది, ఒక గంట. ఒక పాట, ఆదివారం ప్రసంగించిన వాక్యమే మళ్లీ చదవడం, అందులో ఈ వారం మనం చేయగలిగేది ఏమిటని ప్రతి ఒక్కరూ చెప్పడం, ఒకరికోసం ఒకరు ప్రార్థించడం. నడిపేవారి పక్కన నేర్చుకునేవారొకరు మొదటి రోజు నుంచే ఉండాలి. సంఖ్య పద్నాలుగు దాటితే రెండు కూడికలవ్వాలి. విడిపోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఆ సంగతి మొదటి వారమే చెప్పి ఉంచితే నొచ్చుకోరు.

ఇవి రెండు రకాలుగా చెడతాయి. నడిపేవారు నలభై నిమిషాలు ప్రసంగం చేస్తారు, మిగతావాళ్లు శ్రోతలైపోతారు. రెండోది తిండి. మొదటి ఇంట్లో టీ, బిస్కెట్లు. రెండో ఇంట్లో ఉప్మా. అయిదో ఇంట్లో బిర్యానీ. ఆరో ఇంటి విధవరాలు తన వంతు వచ్చేసరికి ఒంట్లో బాగోలేదని రావడం మానేస్తుంది. టీ, బిస్కెట్ తప్ప ఏ ఇంట్లోనూ ఏమీ పెట్టకూడదని ముందే నియమం పెట్టండి, బాగా ఉన్నవాళ్ల చేత ముందు పాటించండి.

నడిపేవాళ్లు ఎక్కడినుంచి వస్తారని పెద్దలు అడుగుతారు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్యగారు, కొత్తగా బాప్తిస్మం పొందిన కూలి మనిషి చేత కూడా తన తల మీద తానే చెయ్యి పెట్టించి ‘అయ్యో, నేను సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ’ అని చెప్పించేవారు. అక్షరం రానివాళ్లని సాక్షులుగా నమ్మిన సంప్రదాయం మనది. డిగ్రీ చదివిన అమ్మాయికి కూడిక అప్పగించడానికి ఇవాళ జంకడం న్యాయం కాదు.

ఒకే ఊళ్లో మాలపల్లెకో గుడి, మాదిగపల్లెకో గుడి ఉండి, ఒకరి సంస్కారానికి ఒకరు వెళ్లని చోట్లున్నాయి. బయటివాళ్లు చూసేది ఇదే, మన పిల్లలు అడిగేదీ ఇదే. కనీసం మూడు నెలలకోసారి రెండు సంఘాలూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఈ అడుగు వేయని సంఘం ఎంత పెరిగినా ఆ పెరుగుదల గురించి మేం సంతోషించలేం.

డబ్బు సంగతి క్లుప్తంగా. కానుకలు ఇద్దరు లెక్కపెట్టాలి, ఇద్దరూ సంతకం చేయాలి. నెలాఖరు లెక్క నోటీసు బోర్డు మీద ఉండాలి. స్కానర్ సంఘం ఖాతాదే కావాలి, పాస్టరుగారి సొంత నంబరు కాదు. విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్ఏకి 2020లో సవరణ వచ్చాక, విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి బదలాయించడం కుదరదు. కాబట్టి పాస్టరు జీతం సంఘం కానుకల మీదే నిలబడేలా బడ్జెట్ వేసుకోవాలి.

ఊరు వదిలిన పిల్లల్ని మాత్రం వదలొద్దు. ఇంటర్ హాస్టళ్లలో ఆదివారం కూడా పరీక్షలుంటాయి. ఔటింగ్ రోజు సంఘంలోంచి ఒకరు ఫోన్ చేయాలి. హైదరాబాదులో ఉద్యోగంలో చేరుతుంటే మొదటి ఆదివారానికి ముందే అక్కడి పాస్టరుకి పేరు, నంబరు, ఉండే ఏరియా చెప్పాలి. ఆ మొదటి నెలలో ఎవరూ పలకరించకపోతే గుడికి వెళ్లే అలవాటు తప్పిపోతుంది.

ఏడాదయ్యాక క్రిస్మస్ హాజరు లెక్కపెట్టకండి. ఆగస్టులో పండగలేని ఒక ఆదివారం లెక్కపెట్టండి, అంతకుముందు ఏడాది అదే ఆదివారంతో పోల్చండి. ఎన్ని కూడికలు నడుస్తున్నాయి, నడిపేవాళ్లలో ముప్పై ఏళ్లలోపువాళ్లు ఎందరు, ఇవి కూడా రాసుకోండి.

మిషన్ సంఘాల్లో పాస్టర్లకి బదిలీలు మామూలే. కొత్తవారు రాగానే పాతవారి పని ఆగిపోయి, మళ్లీ సభల దగ్గర మొదలవుతుంది. అందుకే రిజిస్టరు, కూడికల జాబితా కమిటీ కార్యదర్శి పేరు మీద ఉండాలి. బదిలీ ఉత్తర్వు వచ్చిన వారంలోనే వెళ్లే పాస్టరు, వచ్చే పాస్టరు, కార్యదర్శి ముగ్గురూ కూర్చుని, గత ఏడాది మళ్లీ రావడం మొదలుపెట్టిన ఇళ్లన్నిటినీ ఒక్కొక్కటిగా పేరు చదివి అప్పజెప్పుకోవాలి.