గీత దాటిందా, లేదా: ఫుట్‌బాల్ వీడియో రిఫరీపై నా రివ్యూ

ప్రేక్షకులందరికీ శ్రీకాకుళం నుంచి నమస్కారం. ఈ వారం రివ్యూకు తీసుకున్నది వీఏఆర్, అంటే మన కుర్రవాళ్లు ‘వార్’ అని పిలిచే వీడియో సహాయ రిఫరీ పద్ధతి. ఇందులో వేరే గదిలో కూర్చున్నవారు వీడియో చూసి మైదానంలోని రిఫరీకి సాయపడతారు. ఫుట్‌బాల్‌కు ఇది అవసరమా అని అడిగితే నా జవాబు ముందే చెప్పేస్తాను: అవసరమే, కాని కొలవగలిగిన విషయాల వరకే. ఆటగాడి ఉద్దేశాన్ని తూచవలసిన చోట తెరకు పెత్తనం ఇవ్వకూడదు.

ఈ అభిప్రాయం నాకు టీవీ ముందు కలగలేదు. గత సంక్రాంతికి కళింగపట్నం వైపు ఒక మత్స్యకార గ్రామంలో ఫైనల్ చూడడానికి వెళ్లాను. గోల్ స్తంభాలు సరుగుడు కర్రలు, వాటి వెనుక కట్టినది పాత చేపల వల, గోల్ గీత సున్నంతో గీసినది. పొద్దుటి నుంచి జరిగిన ఆటలకు ఆ సున్నం సగం ఇసుకలో కలిసిపోయింది. చివరి నిమిషాల్లో ఒక కుర్రవాడు కొట్టిన బంతి అడ్డకర్రకు తగిలి, కిందపడి, పైకి లేచి గోల్‌కీపర్ చేతిలోకి వచ్చింది. రిఫరీ గోల్ ఇవ్వలేదు. క్షణాల్లో రెండు ఫోన్లు ఆయన ముఖం ముందుకు వచ్చాయి. స్తంభం పక్క నుంచి తీసిన వీడియోలో బంతి లోపల పడినట్టుంది, కార్నర్ జెండా దగ్గర తీసినదానిలో గీత మీదే పడినట్టుంది. రిఫరీగా నిలబడిన రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు రెండింటినీ పక్కకు తోసి, “ఫోన్లు చూసి ఈల వేసేదైతే ఇక్కడ నేనెందుకు నాయనా?” అన్నారు.

అది మొండితనమని అప్పుడు అనుకున్నాను. ఇంటికి వచ్చాక ఆ వీడియోలను ఒక్కొక్క ఫ్రేము జరుపుతూ చూస్తే అసలు సంగతి బోధపడింది. ఆ ఫోన్లు సెకనుకు 30 బొమ్మలు తీస్తాయి. సెకనుకు 20 మీటర్ల వేగంతో వెళ్లే బంతి ఒక బొమ్మకూ మరో బొమ్మకూ నడుమ దాదాపు 67 సెంటీమీటర్లు దాటిపోతుంది. ఒక ఫ్రేములో బంతి దిగుతోంది, తరువాతి ఫ్రేములో లేస్తోంది. అది నేలను తాకిన క్షణం ఏ ఫోనులోనూ లేదు. లేని క్షణం గురించి ఊరు ఊరంతా గంటసేపు వాదించింది, నాతో సహా.

2010 ప్రపంచ కప్‌లో జర్మనీపై ఇంగ్లండ్ ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి కూడా ఇలాగే అడ్డకర్రకు తగిలి, గీతకు బాగా లోపల పడి బయటకు వచ్చింది. రిఫరీకి అది కనిపించలేదు, ఇంగ్లండ్‌కు గోల్ దక్కలేదు. ఆ తరువాత గోల్ లైన్ సాంకేతికతకు 2012లో అనుమతి వచ్చింది, 2014 ప్రపంచ కప్‌లో దాన్ని వాడారు. బంతి మొత్తం గీతను దాటిన వెంటనే రిఫరీ చేతి గడియారానికి సంకేతం అందుతుంది, ఆట ఆగదు, ఎవరినీ అడగనక్కరలేదు. నా లెక్కలో ఇది నూటికి నూరు మార్కుల పని.

ఆఫ్‌సైడ్, అంటే పాస్ వచ్చే క్షణానికి ఫార్వర్డ్ ప్రత్యర్థుల రక్షణ వరుసను దాటి గోల్‌కు దగ్గరగా ఉన్నాడా అన్నది, కూడా కొలతే, కాని అంత తేలిక కాదు. సెకనుకు 8 మీటర్లు పరుగెత్తే ఫార్వర్డ్ సెకనులో యాభయ్యో వంతులోనే 16 సెంటీమీటర్లు కదిలిపోతాడు. అందుచేత పాస్ ఏ క్షణంలో కాలును విడిచిందో కచ్చితంగా తెలియకపోతే, తెర మీద గీత ఎంత సన్నగా గీసినా దానికి విలువ లేదు. 2022 ఖతర్ ప్రపంచ కప్‌లో 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి శరీరంలో 29 బిందువులను సెకనుకు 50 సార్లు గుర్తిస్తే, బంతిలో అమర్చిన సెన్సర్ సెకనుకు 500 సార్లు సమాచారం పంపింది. ఇంత సరంజామా లేని చోట సన్నగీతల తీర్పులు ఇవ్వడం, నా ఉద్దేశంలో, మా ఊరి ఫోను పంచాయితీకి ఖరీదైన రూపం.

ఇక హ్యాండ్‌బాల్, ఫౌల్ సంగతికి వద్దాం. నిబంధనలు 2018లో వీఏఆర్‌ను గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే ఎర్రకార్డు, ఒకరికి బదులు మరొకరికి కార్డు చూపడం అనే నాలుగు సందర్భాలకే పరిమితం చేశాయి. అదీ స్పష్టమైన పొరపాటు జరిగితేనే, లేదా తీవ్రమైన తప్పు రిఫరీ కంటపడకపోతేనే. అదే ఏడాది ప్రపంచ కప్ ఫైనల్‌లో క్రొయేషియా ఆటగాడు పెరిసిచ్ చేతికి బంతి తగిలినప్పుడు, రిఫరీ పితానా తెర దగ్గరకు వెళ్లి చూసి, వెనక్కి తిరిగి, మళ్లీ వెళ్లి చూసి, చివరికి పెనాల్టీ ఇచ్చారు. ఫ్రాన్స్ 4-2తో గెలిచింది. రెండుసార్లు చూస్తేగాని తేలని పొరపాటు స్పష్టమైన పొరపాటు ఎలా అవుతుంది? బొమ్మను నిదానంగా నడిపితే ప్రతి చేయీ కావాలని ఎత్తినట్టే కనిపిస్తుంది. 1986లో మారడోనా చేతితో వేసిన గోల్ మాత్రం ఇందుకు భిన్నమైనది. అక్కడ ఉద్దేశం గురించి తర్కించవలసిన పనే లేదు, ఒక్క చూపుతో తేలిపోయేది.

యంత్రం సరిగ్గా చూసినా మనిషి మాట తడబడితే ఏమవుతుందో 2023 సెప్టెంబరు 30న టాటెన్‌హామ్, లివర్‌పూల్ మ్యాచ్‌లో చూశాం. లూయిస్ డియాజ్ గోల్‌ను మైదానంలో ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు. వీడియో గదిలో అది సరైన గోలేనని తేలింది, కాని అక్కడివారు మైదానంలో గోల్ ఇచ్చారనుకుని తనిఖీ పూర్తయిందని చెప్పేశారు. ఆట మళ్లీ మొదలైపోయింది, ఇక వెనక్కి తీసుకునే వీలు లేదు. లివర్‌పూల్ 2-1తో ఓడింది. ఇంత జరిగినా 2024 జూన్‌లో వీఏఆర్‌ను రద్దు చేయాలన్న ప్రతిపాదన ఓటుకు వచ్చినప్పుడు ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ క్లబ్బులు 19-1 తేడాతో తిరస్కరించాయి. ఆ పందొమ్మిది వైపే నేనూ ఉంటాను.

అయితే క్రికెట్‌లో 1992లో డర్బన్‌లో సచిన్‌ను టీవీ చూసి రనౌట్‌గా ప్రకటించిన నాటి నుంచి మనకు అలవాటైన థర్డ్ అంపైర్‌ను ఇక్కడికి యథాతథంగా తేలేం. క్రికెట్ బంతి బంతికీ ఆగే ఆట, ఫుట్‌బాల్ ఆపితే చెడిపోయే ఆట. అందుకే 2024లో కొన్ని మహిళల జూనియర్ ప్రపంచ కప్‌లలో ప్రయత్నించిన పద్ధతి నాకు నచ్చింది: కోచ్ అడిగితేనే రిఫరీ తెర చూస్తారు, ఒక్కో జట్టుకు మొదట ఇచ్చే అలాంటి అవకాశాలు రెండే. ఖర్చు తక్కువ, ఎదురుచూపులూ తక్కువ.

మా తీరగ్రామంలో ఆ రోజు డ్రిల్లు మాస్టారి తీర్పే నిలిచింది, ఆట టైబ్రేకర్‌కు వెళ్లింది. వచ్చే సంక్రాంతికి గోల్ పక్కన గీతకు సూటిగా ఒక కుర్రవాణ్ణి నిలబెడతామని కమిటీవారు ఫోన్ చేసి చెప్పారు. సున్నం కూడా ఒక బస్తా ఎక్కువ తెప్పిస్తున్నారట.