గల్ఫ్ జీతంలో బేసిక్ ఎంత? బత్తాయి లెక్క

నమస్తే. దుబాయ్ పోయే తమ్ముళ్లను జీతమెంత అని అడిగితే "1500 దిర్హాములన్నా" అని టక్కున చెప్తారు. అందులో బేసిక్, అంటే అలవెన్సులు తీసేస్తే మిగిలే అసలు జీతం, ఎంత అంటే మాత్రం మాట రాదు. ఇది చూసీ చూసీ ఈ వీడియో చేస్తున్నా.

మన నల్గొండ బత్తాయిలు రెండు తీసుకోండి. సైజు ఒకటే. ఒకటి కోస్తే తొక్కే మందం, అరగ్లాసు రసం కూడా రాదు. ఇంకోదానికి గ్లాసు నిండుతుంది. జీతంలో బేసిక్ అంటే రసం. రూము, తిండి, రవాణా అలవెన్సులు తొక్క. తొక్క వద్దని కాదు, నెలనెలా అదీ ఇంటికి పంపే డబ్బే. కానీ పిండినప్పుడు వచ్చేది రసమే కదా.

మొదటి పిండుడు ఓవర్‌టైం. యూఏఈ చట్టంలో గంటకు బేసిక్ మీద కనీసం 25 శాతం కలిపి ఇవ్వాలి. బేసిక్ 600 ఉన్నాయనకు గంటకు 3 దిర్హాముల పైచిలుకు, 1200 ఉన్నాయనకు 6 పైచిలుకు. ఇద్దరి జీతం 1500, ఇద్దరిదీ అదే ఎండ.

రెండోది గ్రాట్యుటీ, అంటే పని మానేసి వచ్చేటప్పుడు కంపెనీ లెక్కకట్టి ఇచ్చే డబ్బు. మా బావ అయిదేళ్లు చేసి వచ్చాడు. 1500 మీద లెక్కేసుకుని, 5250 దిర్హాములు వస్తాయని బోరు బండికి ముందే మాటిచ్చాడు. చేతికొచ్చింది 2100. కంపెనీ ముంచిందని ఇంట్లో అందరం తిట్టాం. ఆ సెటిల్‌మెంట్ కాగితం ఇప్పటికీ పాస్‌పోర్టు కవర్లోనే మడిచి ఉంది. నేను కూర్చుని లెక్క చూశా: బేసిక్ 600, ఏడాదికి 21 రోజుల బేసిక్, అంటే 420. అయిదేళ్లకు 2100. లెక్క కరెక్టే. సంతకం పెట్టిన రోజే కాయ తొక్క మందం, చూసి చెప్పేవాళ్లే లేకపోయారు. ఆ బాధ నాకింకా పోలేదు.

అయిదేళ్లు దాటాక ఏడాదికి 30 రోజుల లెక్క. అదీ బేసిక్ మీదే. సౌదీ లెక్క వేరు, ఇంకో వీడియోలో చెప్తా.

టైం అయిపోతోంది, గబగబా చెప్తా. విజిట్ వీసా మీద పనికి పోవద్దు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో మన కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్లో చూడండి. సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. యూఏఈ ఆఫర్ లెటర్ హిందీ, ఉర్దూలో కూడా ఇస్తారు, అడిగి తీసుకోండి. సంతకానికి ముందు చదివించుకుని, బేసిక్ అన్న లైను మీద వేలు పెట్టి చూడండి.