అన్నయ్య గొంతు తెగుద్ది, మెసేజ్ తెగదు.. ఎందుకు?

[వైజాగ్ ఆర్కే బీచ్, సాయంత్రం. దూరంగా లంగరేసిన ఓడలు]

అందరికీ నమస్కారం అండి. అదిగో, దూరంగా ఆగున్నాయి కదా ఓడలు, మా పెద్దమ్మ కొడుకు అలాంటి ఓడ మీదే పనిచేస్తాడు, ఏదైనా పోర్టు దగ్గరకి రాగానే వాట్సాప్ కాల్ చేస్తాడు. "అమ్మా, తిన్... మాత్ర... న్నావా..." ఇలా ఉంటాది. పెద్దమ్మ విసుగొచ్చి కట్ చేసేస్తే అప్పుడు అదే సిగ్నల్ మీద మెసేజ్ పెడతాడు, "తిన్నావా, బీపీ మాత్ర వేసుకున్నావా" అని, ఒక్క ఒత్తు కూడా పోకుండా వచ్చేస్తాది, కాస్త లేటవుద్ది అంతే. మరి మాట తెగి, రాత ఎందుకు తెగలేదు?

దీని జవాబు 50 ఏళ్ళ కిందటిది.

వెనకటి ట్రంక్ కాల్ గుర్తుందా? ఇద్దరి మధ్య ఒక లైను కలిపేవాళ్ళు, మాట్లాడినా ఊరుకున్నా ఆ లైను వాళ్ళదే. 1960ల్లో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండ్‌లో డొనాల్డ్ డేవిస్ ఎవరికి వాళ్ళే ఇంకో దారి ఆలోచించారు. విషయాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద అడ్రస్ రాసి వదిలేయడం. అవే ప్యాకెట్లు. గాజువాక నుంచి జగదాంబకి పెళ్ళివాళ్ళు బయల్దేరితే కొందరు ఎన్ఏడీ మీదుగా, కొందరు సింధియా మీదుగా వస్తారు కదా, చివరికి అందరూ మండపంలోనే కలుస్తారు, అలాగన్నమాట.

[స్క్రీన్ మీద: ఎల్.. ఓ..]

ఆ పద్ధతిలో నడిచిందే ఆర్పానెట్, ఇప్పటి ఇంటర్నెట్‌కి ముందు అమెరికాలో కంప్యూటర్లని కలిపిన నెట్‌వర్క్. 1969 అక్టోబర్ 29 రాత్రి, లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో చార్లీ క్లైన్ అనే స్టూడెంట్ స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్‌లోకి లాగిన్ అవ్వబోయాడు. అక్కడున్న బిల్ డువాల్‌తో ఫోన్‌లో ఉండి LOGIN అనే మాటలో ఒక్కో అక్షరం అందిందో లేదో కనుక్కుంటూ కొడుతున్నాడు. ఎల్ అందింది, ఓ అందింది, అంతలో సిస్టం క్రాష్! ఓ గంట తర్వాత గానీ లాగిన్ కుదరలేదు. నాకు మాత్రం ఈ కథలో ఆ ఫోనే ఇష్టం, "అందిందా" అని అడగడం ఉంది చూశారూ, ఇప్పుడు ఆ పని మన ఫోన్లే చేసుకుంటున్నాయి. 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ రాసిన పద్ధతి అదే, టీసీపీ. ప్రతి ముక్కకీ లెక్క ఉంటాది, అవతల నుంచి "అందింది" అని రాకపోతే మళ్ళీ పంపుతాది. అన్నయ్య మెసేజ్‌లో ఒత్తు పోకపోవడానికి కారణం ఇదే.



కానీ మాటకి అలా ఆగడం కుదరదు కదండీ. 1974లోనే ఆర్పానెట్ మీద గొంతు పంపి చూశారు, ఆ పని చేసిన డానీ కోహెన్ లాంటి వాళ్ళకి ఏం అర్థమైందంటే, పోయిన ముక్క కోసం ఆగితే మాట మొత్తం ఆగిపోద్ది, దానికన్నా ఆ ముక్కని వదిలేసి ముందుకెళ్ళడమే నయం. అందుకే 1978లో టీసీపీని రెండుగా విడగొట్టారు, అడ్రస్ చూసి చేర్చే పని ఐపీకి, పోయింది మళ్ళీ తెప్పించే పని టీసీపీకి. ఆగలేని వాటికి తర్వాత, పోయిన ముక్కని మళ్ళీ తెప్పించని యూడీపీ అనే పద్ధతి వచ్చింది, ఇప్పటి కాల్స్ మామూలుగా దాని మీదే నడుస్తాయి. లేటుగా వచ్చిన ముక్కని ఫోను పక్కన పడేస్తాది, అదే మనకి "తిన్... న్నావా".

[మళ్ళీ బీచ్, చీకటి పడింది, ఓడల లైట్లు]

వాయిస్ మెసేజ్ అయితే ఫైలు లాగా ముక్క పోకుండా మొత్తం వస్తాది. ఇది పెద్దమ్మకి చెప్పాను. ఇప్పుడు సిగ్నల్ బాలేని రోజున అన్నయ్య నిమిషం వాయిస్ పెడతాడు, పెద్దమ్మ రెండుసార్లు వింటాది.