కాలిపోయిన ఊరు, కాగితం మీద నిలిచిన ఊరు

సభకు నమస్కారం.

గ్రంథాలయం వాళ్ళు నన్ను యాత్రా విశేషాలు చెప్పమన్నారు. చెబుతాను. కానీ ముందు అసలు ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో చెప్పాలి.

మా అబ్బాయి బర్మింగ్‌హామ్‌లో ఉంటాడు. కోడలు కెనడా అమ్మాయి. మనవరాలికి పదకొండేళ్ళు. పోయిన ఏడాది బడిలో పిల్లలందరినీ వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. తండ్రి వైపు పేర్ల కోసం నాకు ఫోన్ చేసింది. మా నాన్న, మా తాత, మా ముత్తాత... అంతే, అక్కడ ఆగిపోయాను. తద్దినం నాడు పురోహితుడు మనచేత చెప్పించే మూడు పేర్లే నాకు నోటికి వచ్చు. తల్లి వైపు మాత్రం ఆ పిల్ల ఏడు తరాలు గీసేసింది. చర్చి రిజిస్టర్లు, ఓడల్లో వెళ్ళినవాళ్ళ జాబితాలు, సమాధి రాళ్ళ మీది రాతలు అన్నీ వాళ్ళ అమ్మమ్మ పోగుచేసి పెట్టింది. ఆ కాగితం పైఅంచున ఒక ఊరి పేరు ఉంది. రోసల్. స్కాట్లండ్ ఉత్తరపు కొసన స్ట్రాత్‌నేవర్ అనే లోయలో ఉండేదట. "తాతయ్యా, ఆ ఊరు ఇప్పుడు లేదంట. అయినా చూద్దాం" అంది. అలా బయల్దేరాం.

బడికి సెలవులిచ్చాక ఆరుగురు పడుకోగల మోటార్‌హోమ్ ఒకటి అద్దెకు తీసుకున్నాం. మొత్తం ఇరవై మూడు రోజులు. ఇల్లూ బండీ ఒకటే కాబట్టి రోజూ పెట్టెలు సర్దే పని లేదు, తిండికి వెతుక్కునే పని లేదు. ఏడు మీటర్ల బండిలో రెండు పొయ్యిలు, చిన్న ఫ్రిజ్, స్నానాల గది. డ్రైవర్ సీటు పైన అటకలాంటి మంచం ఒకటి ఉంటుంది, దాన్ని మనవరాలు మొదటి రోజే పట్టేసింది. మామూలు కారు లైసెన్సుతో నడపాలంటే బండి బరువు మనుషులతో, సామానుతో కలిపి 3,500 కిలోలు దాటకూడదు. అందుకని మా ఆవిడ పచ్చడి సీసాలు, బియ్యం కూడా తూచి ఎక్కించింది. అంట్లు కడిగిన నీళ్ళు ఎక్కడపడితే అక్కడ వదలకూడదు. మరుగుదొడ్డి పెట్టెను క్యాంప్‌సైట్‌లో దానికని కట్టిన చోటే ఖాళీ చేయాలి. ఓడ ఎక్కేముందు గ్యాస్ బండ వాల్వు మూసేయాలి. బండి ఎత్తెంతో ఒక చీటీ మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించుకోవాలి, ఎందుకంటే పల్లెదారుల్లో పాతకాలపు వంతెనలు చాలా కిందికి ఉంటాయి. వెళ్ళాలనుకునేవాళ్ళు ఈ నాలుగూ గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతావి రోజులు గడిచేకొద్దీ అవే అలవాటవుతాయి.

కెల్టిక్ దేశాలు అంటే ఏవి? ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్, మాన్ ద్వీపం, కార్న్‌వాల్, ఫ్రాన్స్‌లో ఉన్న బ్రిటనీ. ఈ ఆరింటినీ కలిపేది భాష. ఇంగ్లీషు, ఫ్రెంచి పరుచుకోకముందు అక్కడ మాట్లాడిన భాషలు ఒకే కుటుంబానివి. మేం చూసింది మొదటి మూడే.

వేల్స్‌లోకి అడుగుపెట్టగానే రోడ్డు మీద పెద్ద తెల్ల అక్షరాలతో 'అరావ్' అని కనిపిస్తుంది. నెమ్మదిగా వెళ్ళమని. ప్రతి బోర్డూ రెండు భాషల్లో ఉంటుంది. 2021 జనగణన ప్రకారం వెల్ష్ మాట్లాడేవాళ్ళు సుమారు 5,38,000 మంది. మన ఒక్క జిల్లా జనాభా కన్నా తక్కువ. ఆ కొద్దిమందికీ సొంత టీవీ ఛానెల్ ఉంది, వెల్ష్‌లో చదువు చెప్పే బడులున్నాయి. పెట్రోలు బంకులో ఇద్దరు కుర్రాళ్ళు ఆ భాషలోనే ఏదో వాదించుకుంటుంటే నేను కాసేపు వింటూ నిలబడిపోయాను. మన పిల్లలు కూడా ఏ ఊరు పోయినా ఇలా తెలుగులో పోట్లాడుకుంటే ఎంత బాగుంటుంది అనిపించింది.

బాలా అనే ఊరు దాటాక ఒక జలాశయం వస్తుంది, పేరు లిన్ కెలిన్. కొండల మధ్య నిశ్చలంగా, చాలా అందంగా ఉంటుంది. దాని అడుగున కాపెల్ కెలిన్ అనే పల్లె ఉంది. లివర్‌పూల్ నగరానికి నీళ్ళ కోసం 1957లో లండన్ పార్లమెంటు చట్టం చేసింది. వేల్స్ నుంచి ఎన్నికైన ఎంపీల్లో దాదాపు అందరూ వద్దన్నా ఆగలేదు. 1965 నాటికి బడి, ప్రార్థనా మందిరం, పోస్టాఫీసు, ఇళ్ళు, పొలాలు అన్నీ నీళ్ళ కిందికి వెళ్ళిపోయాయి. ఊళ్ళో అందరూ వెల్ష్ మాట్లాడేవాళ్ళే. నలభై ఏళ్ళ తర్వాత, 2005లో, లివర్‌పూల్ నగరపాలక సంస్థ క్షమాపణ చెప్పింది. శ్రీశైలం ముంపులో ఊరు పోగొట్టుకున్నవాళ్ళు ఈ సభలో ఎవరైనా ఉంటే, ఆ గట్టు మీద నిలబడితే ఎలా ఉంటుందో వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

అక్కణ్ణుంచి ఆంగల్సీ మీదుగా హోలీహెడ్ రేవుకు వెళ్ళాం. 1786లో కలకత్తాలో నిలబడి సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని, కెల్టిక్ కూడా ఆ కుటుంబానిదే కావచ్చని చెప్పిన విలియం జోన్స్ తండ్రి ఈ ఆంగల్సీవాడే. నాలుగును ఐరిష్‌లో 'కాహిర్' అంటారు, వెల్ష్‌లో 'పెద్వార్' అంటారు. సంస్కృతంలో 'చతుర్'. మూడూ పక్కపక్కన పెట్టి చదివితే ఒకదాన్నుంచి ఒకదానికి దారి కనిపిస్తుంది.

హోలీహెడ్ నుంచి డబ్లిన్‌కు ఓడలో మూడు గంటల పైచిలుకు. ఐర్లండ్‌లో మా కోడలికి ఇంకో పని ఉంది. వాళ్ళ నాయనమ్మ వైపువాళ్ళు ఐరిష్. ఆ కొమ్మ పట్టుకుని పైకి వెళ్ళాలనుకుంది, కుదరలేదు. 1922లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ఆవరణలో ఉన్న ప్రభుత్వ రికార్డుల భవనం తగలబడింది. వందల ఏళ్ళ కాగితాలు, అంతకుముందు శతాబ్దపు జనగణన పుస్తకాలు ఎన్నో దాంతోపాటే బూడిదయ్యాయి. 1901, 1911 జనగణనలు మాత్రం పూర్తిగా మిగిలాయి. ఎవరైనా ఇంట్లో కూర్చుని ఉచితంగా చూసుకోవచ్చు. 1901 పుస్తకంలో వాళ్ళ ముత్తవ్వ పేరు దొరికింది. వయసు ఆరేళ్ళు, చదవడం రాదు అని రాసి ఉంది. దానికి ముందు ఇంకేమీ లేదు.

న్యూగ్రేంజ్ చూశాం. అయిదు వేల ఏళ్ళ కిందటి సమాధి అది, ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతది. డిసెంబరులో పొద్దు బాగా తక్కువగా ఉండే రోజుల్లో ఉదయపు ఎండ ఒక కిటికీ సందులోంచి లోపలి గదిదాకా వెళ్తుంది. ఆ ఎండ నిలిచేది పదిహేడు నిమిషాలు. అయితే దాన్ని కట్టింది కెల్టులు కాదు, వాళ్ళకన్నా ఎంతో ముందువాళ్ళు. ఉత్తరాన జెయింట్స్ కాజ్‌వే దగ్గర లావా చల్లారి ఏర్పడిన రాతి స్తంభాలు, దాదాపు నలభై వేలు, చెక్కి పేర్చినట్టు సముద్రంలోకి దిగిపోతాయి. లార్న్ నుంచి రెండు గంటలు ఓడలో వస్తే స్కాట్లండ్. గ్లెన్‌కో లోయలో వర్షం వల్ల ఏమీ కనిపించలేదు కాబట్టి దాని గురించి ఏమీ చెప్పను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఇన్వర్నెస్ దాటి ఉత్తరానికి పోయేకొద్దీ రోడ్డు సన్నబడిపోతుంది. ఒక్క బండి పట్టే దారి. అక్కడక్కడా పక్కకు తప్పుకోవడానికి జాగా వదిలి, బోర్డు పెడతారు. ఎదురుగా బండి వస్తే, జాగా ఎవరికి దగ్గరైతే వాళ్ళు ఆగుతారు. దాటి వెళ్ళేవాళ్ళు చెయ్యెత్తి థాంక్స్ చెబుతారు. ఒకసారి ఎదురుగా లారీ వస్తే మా అబ్బాయి వెనక్కి తీయబోయి వెనక చక్రం మెత్తటి నేలలో దించాడు. నాకు టెన్షన్‌తో చెమటలు పట్టాయి. అరగంటకల్లా ఒక రైతు ట్రాక్టర్‌తో వచ్చి లాగిపెట్టాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మా ఇంటావిడ ఇచ్చిన కజ్జికాయలు మాత్రం తీసుకున్నాడు.

స్ట్రాత్‌నేవర్ అంటే నేవర్ నది పారే లోయ. ఆగస్టు నెల కావడంతో కొండలన్నీ హెదర్ పూలతో ఊదారంగులో ఉన్నాయి. సైర్ అనే చోట బండి ఆపి, నాటిన అడవిలోంచి నడిచి వెళ్తే ఒక్కసారిగా చెట్లు అయిపోయి తెరిపి వస్తుంది. అదే రోసల్. చుట్టూ గోధుమరంగు గడ్డి, మధ్యలో మాత్రం పచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనం ఎందుకో మా కోడలు చెప్పింది. తరతరాలుగా పశువుల ఎరువు వేసి సాగుచేసిన నేల కదా, రెండొందల ఏళ్ళయినా ఆ బలం పోలేదు. మనుషులు ఉన్న చోట దురదగొండిలాంటి మొక్క ఒకటి గుబురుగా పెరుగుతుంది, దాన్ని బట్టి ఇల్లు ఎక్కడుండేదో గుర్తుపడతారు. మోకాలెత్తు రాతి గోడలు మిగిలాయి. ఇళ్ళు పొడుగ్గా ఉంటాయి. పై సగంలో మనుషులు, వాలు ఉన్న వైపు పశువులు. మా చిన్నప్పటి పాకలు కూడా అంతే కదా, గేదె ఊపిరి వినబడుతూ నిద్రపోయేవాళ్ళం.

ఆ భూమంతా సదర్లండ్ జమీందారిణిది. మనుషులు కట్టే శిస్తు కన్నా గొర్రెల మందలకు కౌలుకిస్తే ఎక్కువ వస్తుందని లెక్కలు వేశారు. 1814లో ఒకసారి, 1819లో మరోసారి లోయను ఖాళీ చేయించారు. తిరిగి రాకుండా ఇళ్ళ కప్పులకు నిప్పు పెట్టారు. ఎస్టేటు ఏజెంటు ప్యాట్రిక్ సెల్లర్ మీద 1816లో ఇన్వర్నెస్‌లో విచారణ జరిగింది, నిర్దోషి అని వదిలేశారు. ఆ లోయలోనే గొర్రెల కౌలు కూడా ఆయనదే. డొనాల్డ్ మెక్లౌడ్ అనే తాపీ మేస్త్రీ ఆ రోజులు కళ్ళారా చూసి తర్వాత రాశాడు. రాత్రి పదకొండింటికి కొండెక్కి చూస్తే రెండు వందల యాభై ఇళ్ళు మండుతూ కనిపించాయట. ఒక్కొక్కటీ ఎవరి ఇల్లో ఆయనకు తెలుసు. వాళ్ళలో కొందరిని సముద్రపు ఒడ్డున రాళ్ళ నేలల్లోకి తోశారు, కొందరు కెనడా ఓడలెక్కారు. ఆ జమీందారిణి ఎలిజబెత్, అంటే బెట్టీ, పేరు మీదనే తీరంలో బెట్టీహిల్ అనే ఊరు ఇప్పటికీ ఉంది.

మా కోడలి పుట్టింటి పేరు మెకై. అక్కడివాళ్ళకు 'మాక్' అంటే కొడుకు. మెకై అంటే 'నిప్పు' అనే అర్థమున్న పేరుగల ఒక పూర్వీకుడి సంతతి. ఆ అమ్మాయి ఒక గోడ మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఏ గోడ తమదో తెలిసే వీల్లేదు. మా ఆవిడ మెల్లగా లేచి, ఒక ఇంటి గడప రాయి దగ్గరికి వెళ్ళి, చేతిలో ఉన్న సీసాలో నీళ్ళు మూడుసార్లు ఆ రాయి మీద వదిలింది. "ఇన్నాళ్ళూ వీళ్ళకి నీళ్ళు వదిలినవాళ్ళు లేరు కదండీ" అంది నాతో. కోడలికి తెలుగు కొంచెం కొంచెంగా వచ్చు. ఆ మాట అర్థమైంది. వచ్చి అత్తగారి భుజం మీద తల పెట్టుకుంది.

మర్నాడు పడమటి తీరం పట్టుకుని అల్లాపూల్ చేరి, రెండున్నర గంటల పైన ఓడలో వెళ్ళి లూయిస్ ద్వీపంలో స్టోర్నోవే దిగాం. కలనిష్ దగ్గర నిలువు రాళ్ళ వలయం చూడమని అందరూ చెబుతారు, చూడాల్సిందే. కానీ నేను అంత దూరం వెళ్ళింది ఒక మనిషి కోసం. మన ఊళ్ళ చరిత్రలు రాయించిన కాలిన్ మెకంజీ. ఆయన స్టోర్నోవేలో 1754లో పుట్టాడు. ఆ రేవులోనే సుంకాల ఆఫీసులో ఉద్యోగం చేసి, 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. మళ్ళీ ఆ దీవికి తిరిగి వెళ్ళలేదు. 1821లో బెంగాల్లో కన్నుమూశాడు.

మెకంజీకి మన భాషలు రావు. ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముళ్ళు లక్ష్మయ్య, రామస్వామి ఆయనకు కళ్ళూ నోరూ అయ్యారు. బొర్రయ్య వల్లనే తనకు ఈ దేశపు విద్యల తలుపు తెరుచుకుందని మెకంజీ స్వయంగా రాశాడు. ఆ బొర్రయ్య 1803లో, ముప్పై ఏళ్ళు కూడా నిండకుండా చనిపోయాడు. వాళ్ళూ వాళ్ళ మనుషులూ ఊరూరా తిరిగి, కరణాల దగ్గర, గుడి పూజారుల దగ్గర కూర్చుని ఊరి చరిత్రలు రాయించారు. అవే కైఫియత్తులు. ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టించారు, ఏ రాజు ఏ మాన్యం ఇచ్చాడు. అమరావతి స్తూపం శిల్పాలను మెకంజీ మనుషులు ఒక్కొక్కటిగా బొమ్మలు గీసిపెట్టింది 1816, 1817 సంవత్సరాల్లో. ఆ బొమ్మల్లోని రాళ్ళు కొన్ని ఇప్పుడు ఎక్కడా లేవు, బొమ్మలే మిగిలాయి.

ఆ సంవత్సరాలు మరోసారి గుర్తుచేస్తాను. 1814, స్ట్రాత్‌నేవర్ లోయ. 1816, అమరావతి. 1819, మళ్ళీ స్ట్రాత్‌నేవర్. ఒక స్కాట్లండ్ మనిషి మన ఊళ్ళ పేర్లు, పుట్టుపూర్వోత్తరాలు కాగితం మీద పెట్టించిన రోజుల్లోనే ఆయన సొంతగడ్డ మీద ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. రోసల్‌లో చెరువు ఉండేదా, గుడిలాంటిది ఎక్కడ ఉండేది, ఏ పొలాన్ని ఏమని పిలిచేవాళ్ళు అని కరణం దగ్గర కూర్చుని రాసుకున్న బొర్రయ్య అక్కడ ఎవరూ లేరు. 1962లో పురావస్తువాళ్ళు వచ్చి గోడలు తవ్వి కొలతలు తీసుకున్నారు. కొలతలు దొరికాయి, కబుర్లు దొరకలేదు. స్టోర్నోవే రేవులో నిలబడి నేను ఈ మాట చెబితే మనవరాలు వెంటనే, "మరి మీ ఊరు రాసి ఉందా తాతయ్యా?" అంది.

ముప్పై రెండేళ్ళు సాంఘిక శాస్త్రం పాఠం చెప్పాను. పిల్లలకు కైఫియత్తుల గురించి చెప్పాను. మా ఊరిది మాత్రం ఏనాడూ తీసి చదవలేదు. ఆ ప్రశ్న విన్నప్పుడు బాధనిపించింది.

తిరిగొచ్చాక ఇదే గ్రంథాలయంలో అచ్చు ప్రతి దొరికింది. మా ఊరిది పదకొండు పేజీలు. అందులో కరణాల వరసలో మా ఇంటిపేరు ఉంది, దాని పక్కన మా ముత్తాతకు తాత అయ్యే వరసలో ఒక పేరుంది. ఆయనే మా పూర్వీకుడని ఒట్టేసి చెప్పలేను. కానీ ఆ పేరు పెన్సిల్‌తో వంశవృక్షంలో రాసుకుంది మనవరాలు. పెన్నుతో ఎందుకు రాయలేదంటే, రుజువు దొరికాక రాస్తానంది. పాత తెలుగు ఆ పిల్లకు కష్టమే. ప్రతి ఆదివారం ఫోన్‌లో ఒక పేరా నేను చదివి, తనచేత మళ్ళీ చదివిస్తున్నాను. పోయిన వారానికి చెరువు కట్ట దాకా వచ్చాం.

బండి ఖర్చుల గురించి, వీసాల గురించి అడగదలచినవాళ్ళు ఇప్పుడు అడగండి. కైఫియత్తుల పుస్తకాలు ఆ వెనక బీరువాలో, కింద అరలో ఉన్నాయి.