రెక్క మీది గాలి, రెక్క కింది గాలి

అక్క: అనంతపురం నుంచి మళ్ళీ మేమే. విమానం దిగేటప్పుడు రెక్క వెనక రేకులు కిందికి ఎందుకు జారతాయో ఈరోజు చెప్పుకుందాం. పోయిన వారం బెంగళూరులో దిగుతూ వీడు ఫోన్‌లో తీశాడు.

తమ్ముడు: వాటిని ఫ్లాప్స్ అంటారక్కా.

అక్క: సరే. ముందు రెక్క సంగతి. పైన వంపు ఉంది కాబట్టి దారి ఎక్కువ. కింది గాలిని అందుకోవాలని పై గాలి పరిగెత్తుతుంది. దాంతో పైన ఒత్తిడి...

తమ్ముడు: ఆగు. అందుకోవాలని ఎవరు చెప్పారు?

అక్క: మా ఫిజిక్స్ సారు. బొమ్మ గీసి మరీ చెప్పారు.

తమ్ముడు: పెనుకొండ పెళ్ళి తర్వాత నీతో వాదించకూడదనుకున్నా. కానీ ఇది వదలను. విడిపోయిన గాలులు వెనక అంచు దగ్గర కలవాలని నియమం ఏదీ లేదు. కేంబ్రిడ్జి యూనివర్సిటీలో ప్రొఫెసర్ హోల్గర్ బాబిన్‌స్కీ రెక్క చుట్టూ పొగ వదిలి వీడియో తీశారు. పైన పోయే పొగ ముందే దాటిపోతుంది. కింది పొగ వెనకబడిపోతుంది. అవి మళ్ళీ కలవవు.

అక్క: అయితే వేగం పెరిగితే ఒత్తిడి తగ్గుతుందన్న బెర్నూలీ తప్పా?

తమ్ముడు: ఆయన తప్పు కాదు. పైన వేగం ఎక్కువ, ఒత్తిడి తక్కువ, నిజమే. దారి పొడవు మాత్రం కారణం కాదు. గాలి రెక్కను అంటుకుని వంగుతుంది. అలా వంగాలంటే రెక్క దగ్గర ఒత్తిడి తగ్గాలి. తక్కువ ఒత్తిడిలోకి వచ్చే గాలి వేగం అందుకుంటుంది. రెక్క గాలిని కిందికి తోస్తే గాలి రెక్కను పైకి తోస్తుంది. రామగిరి కొండ మీద గాలిమర రెక్క చూడు...

అక్క: వచ్చిందా రామగిరి!

తమ్ముడు: రాకుండా ఎట్లా? ఆ రెక్క మొదట్లో ఎక్కువ మెలిక, కొసకు తక్కువ. కొస వేగంగా తిరుగుతుంది కాబట్టి.

అక్క: ఇరవై ఏళ్ళుగా పిల్లలకు నేనూ అదే బొమ్మ గీశానురా. ఆ సారు ఎండలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చి చెప్పేవారు.

తమ్ముడు: సారును నేనేమీ అనలేదక్కా. ఆ బొమ్మ పుస్తకాల్లోనే ఉండేది. కానీ దారి పొడవే కారణమైతే మన వాయుసేన విన్యాసాల జట్టు సూర్యకిరణ్ విమానాలు తలకిందులుగా ఎట్లా ఎగురుతాయి?

అక్క: ...అవును. ముక్కు కొంచెం ఎత్తి పట్టుకుంటే చాలా?

తమ్ముడు: చాలు. మరీ ఎత్తితే, సుమారు 15 డిగ్రీలు దాటితే, పై గాలి రెక్కను వదిలేస్తుంది, ఎత్తే బలం పడిపోతుంది. అదే స్టాల్. కొత్త గాలిమరలు కూడా గాలి ఎక్కువైతే రెక్కలు తిప్పుకుని...

అక్క: రామగిరి తర్వాత. ఫ్లాప్స్?

తమ్ముడు: దిగేటప్పుడు వేగం తగ్గుతుంది, ఎత్తే బలమూ తగ్గుతుంది. ఫ్లాప్స్ వంపు పెంచి దాన్ని నిలబెడతాయి. అంతే.

అక్క: రేపు తొమ్మిదో తరగతికి ఇదే పాఠం. ఏం గీయాలి?

తమ్ముడు: పొగ గీతలు. పైవి ముందుకు జరిపి...

అక్క: ఉండు, నోట్‌బుక్ తెస్తా. రికార్డింగ్ ఆపు.