బండి ఆగినప్పుడే ప్రమాదం

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారు, కొందరు కుక్కలను కూడా వెంట తెచ్చుకున్నారు. చాలా సంతోషం. మెట్ల దగ్గర నీళ్ల గిన్నెలు పెట్టించాను. మాట్లాడుతుండగా లేచి వెళ్లి తాగించినా నేనేమీ అనుకోను.

పశువైద్యుడిగా నాకు ఏప్రిల్, మే నెలలంటే టెన్షన్. పిల్లలకు సెలవులిస్తారు, అందరూ ఊళ్లకు బయల్దేరతారు. ఒకప్పుడు కుక్కను పక్కింటివాళ్లకు అప్పగించి వెళ్లేవారు. ఇప్పుడది ఇంట్లో మనిషి, కార్లో దానికీ ఒక సీటు. తీసుకెళ్లొద్దని నేను చెప్పను. ఎలా తీసుకెళ్లాలో చెప్పడానికే వచ్చాను.

కొన్నేళ్ల కిందట మే నెలలో ఒక కుటుంబం హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తోంది. వాళ్లతో మూడేళ్ల పగ్ జాతి కుక్క ఉంది. సూర్యాపేట దగ్గర భోజనానికి ఆగారు. హోటల్లోకి కుక్కను రానివ్వరు కదా. వేపచెట్టు నీడ చూసి కారు పెట్టారు, అద్దాలు రెండు వేళ్ల సందు దించారు, గిన్నెలో నీళ్లు పెట్టారు. పది నిమిషాల్లో వచ్చేద్దామనుకున్నారు. లోపల జనం కిటకిటలాడుతున్నారు, టేబుల్ దొరికి తిని వచ్చేసరికి నలభై నిమిషాలు. ఈలోగా నీడ పక్కకు జరిగిపోయింది. కుక్క సీటు కింద పడి ఉంది, నోటి నిండా జిగట చొంగ. భయపడిపోయి ఏసీ పెంచి నేరుగా నా దగ్గరికి వచ్చారు. రెండు గంటల ప్రయాణం. బల్ల మీద పడుకోబెట్టేసరికే ప్రాణం లేదు.

వాళ్లు ప్రేమ లేనివాళ్లు కారు. నీడ, గాలి, నీళ్లు, అన్నీ ఆలోచించారు. ఆ మూడూ చాలవని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వాళ్ల పాప నా బల్ల పక్కన నిలబడి "నీళ్లు కూడా పెట్టాం కదా అంకుల్" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు మీకు చెప్తాను.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున కాస్త పడుతుంది, అంతే. దాని కూలర్ అంతా నోటిలోనే ఉంది. నాలుక చాపి రొప్పుతున్నప్పుడు నోటిలో, ముక్కులో, గొంతులో ఉన్న తడి ఆవిరై వేడిని బయటికి తీసుకుపోతుంది. మూసిన కార్లో రొప్పుతూ ఉంటే ఆ ఊపిరి తేమే లోపలి గాలిని నింపేస్తుంది. తేమ ఎక్కువైతే తడి ఆవిరి కాదు. ఉక్కపోతలో బట్టలు ఆరవు చూడండి, అలాగే. అప్పుడు ఎంత రొప్పినా ఒళ్లు చల్లబడదు, రొప్పే శ్రమకు ఇంకా వేడెక్కుతుంది. గిన్నెలో నీళ్లు ఉన్నా లాభం లేకపోయింది ఇందుకే.

ఇక అద్దాల సంగతి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వైద్యులు కార్లలో ఉండిపోయే చిన్నపిల్లల కోసం ఒక పరిశోధన చేసి 2005లో ప్రచురించారు. ఎండలో నిలిపిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. బయట 22 డిగ్రీలే ఉన్న రోజున కూడా లోపల గంటలో 47 దాకా వెళ్లింది. అద్దాలు కొంచెం దించి చూసినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 22 డిగ్రీలంటే మనకు చలికాలం పొద్దుటి వాతావరణం. సంక్రాంతికి ఊరెళ్తూ మధ్యాహ్నం ఆగినా ఇదే లెక్క. రోళ్లు పగిలే రోహిణి కార్తె సంగతి వేరే చెప్పాలా?

పగ్‌ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఇక్కడే నాలుగు కనిపిస్తున్నాయి. 2003లో పగ్ కనిపించే హచ్ మొబైల్ కంపెనీ ప్రకటన వచ్చాక మన దేశంలో ఇంటింటా పగ్‌లు వచ్చాయి. వాటి ముక్కు రంధ్రాలు సన్నం, మొహం పొట్టి, గొంతులో గాలి పోయే దారి ఇరుకు. అంటే కూలరే చిన్నది. బుల్‌డాగ్, షిట్జు, బాక్సర్‌లకూ ఇదే బాధ. ఒళ్లు చేసిన లాబ్రడార్లు, ముసలి కుక్కలు, గుండెజబ్బు ఉన్నవి కూడా వేడికి ఆగలేవు. ఇలాంటి కుక్క మీకుంటే, నడి వేసవిలో దూరప్రయాణం మానుకుని ఇంట్లో ఒకరు దాని దగ్గర ఉండిపోవడం మేలని నా అభిప్రాయం.

తప్పదంటే తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరండి. విజయవాడ దారిలో అయితే ఎండ ముదిరేలోపు నందిగామ దాటేస్తారు. ముందు కారు తలుపులన్నీ తీసి, ఏసీ వేసి, లోపల చల్లబడ్డాకే కుక్కను ఎక్కించండి. బయల్దేరేముందు కడుపు నిండా పెట్టకండి, మూడు నాలుగు గంటల ముందు కాస్త పెరుగన్నం చాలు. పెద్ద బండ్లలో కుక్కను చివర సామాన్ల దగ్గర పెడతారు. ముందున్న మనకు చలి వేస్తుంటుంది, అక్కడికి గాలే వెళ్లదు. ఒకసారి మీరే అక్కడ పది నిమిషాలు కూర్చుని చూడండి. ఎండ పడే వైపు అద్దానికి తెర కట్టండి, బోను మీద మాత్రం దుప్పటి కప్పకండి. నోరు బిగించే గుడ్డ మూతి కట్టకండి, నోరు తెరవలేని కుక్క రొప్పలేదు.

వెనక సీట్లో ఛాతీకి వేసే హార్నెస్ తొడిగి, దాన్ని సీటు బెల్టు బకెల్‌కు తగిలించాలి. మెడ పట్టీకి తగిలిస్తే సడన్ బ్రేక్ వేసినప్పుడు మెడకు ఉరి పడుతుంది. ముందు సీట్లో ఒళ్లో అసలే వద్దు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే కుక్క బతకదు. కిటికీలోంచి తల బయట పెట్టి గాలి పీల్చుకోవడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, కంట్లో ఇసుక, పురుగులు పడి ఎన్ని కళ్లకు మందు వేశానో. పవర్ విండోలు లాక్ చేయండి. కాలు స్విచ్ మీద పడి అద్దం పైకి లేస్తే మెడ ఇరుక్కుంటుంది.

రెండు గంటలకోసారి ఆగి నీళ్లు తాగించండి. దింపే ముందు అరచేయి వెనకవైపు తారు మీద ఆనించండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి. తిండికి వంతులు వేసుకోండి. ఇద్దరు లోపలికి వెళ్తే ఇద్దరు బయట కుక్కతో ఉండండి, లేదా పార్సిల్ కట్టించుకోండి. ఒక్కరే ప్రయాణిస్తుంటే టిఫిన్ బాక్సు తెచ్చుకోండి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి, ఏసీ వేసి వదిలేస్తామని కొందరంటారు. ఇంజిన్ ఆగిపోయినా, ఏసీ పనిచేయకపోయినా హోటల్లో ఉన్న మీకు తెలియదు. వద్దు.

అయినా వడదెబ్బ తగిలితే? ఆగకుండా రొప్పడం, నాలుక, చిగుళ్లు ఎర్రబడి తర్వాత నీలంగా మారడం, తాళ్లలా సాగే చొంగ, వాంతులు, తూలిపడటం. ఆరోగ్యమైన కుక్క ఒళ్లు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది. 106 దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. అందుకే బ్రిటన్ పశువైద్యులు ఇప్పుడు ముందు చల్లబరచండి, తర్వాతే తీసుకెళ్లండి అని గట్టిగా చెప్తున్నారు. ఆ పగ్‌ను అక్కడే, హోటల్ ముందే తడిపి ఉంటే బతికే అవకాశం ఉండేది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్రపట్టదు.

నీడలోకి తెచ్చి ఒళ్లంతా నీళ్లు పోయండి. పొట్ట, తొడల మధ్య బాగా తడవాలి. తల మీద పోసేటప్పుడు ముక్కులోకి వెళ్లకుండా చూడండి. విసనకర్రో, అట్టముక్కో, ఏసీ గాలో తగలనివ్వండి. ఒక్క జాగ్రత్త, మధ్యాహ్నం మన ట్యాంకు పంపులో వచ్చేవి వేణ్నీళ్లు. హోటల్లో నీళ్ల క్యాన్ అడగండి, బాటిళ్లు కొనండి. తడిగుడ్డ కప్పి వదిలేయకండి, అది వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి. జ్వరం మాత్ర వేయకండి. ఇది జ్వరం కాదు, ఆ మాత్రతో దిగదు, పైగా హాని. లేచి తిరిగినా డాక్టర్‌కు చూపించండి, కిడ్నీలు, రక్తం గడ్డకట్టే తీరు ఒకటి రెండు రోజుల తర్వాత దెబ్బతినవచ్చు. దారిలోని ఊళ్ల పశువైద్యుల నంబర్లు బయల్దేరేముందే ఫోన్‌లో పెట్టుకోండి, ఆదివారం ఉంటారో లేదో కనుక్కోండి.

వేరేవాళ్ల కార్లో కుక్క కనిపిస్తే బండి నంబరు హోటల్ మైకులో చెప్పించండి, ఓనర్ రాకపోతే 112కి ఫోన్ చేయండి. జంతుహింస నివారణ చట్టం 1960 నాటిది. మొదటిసారి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. దాన్ని చూసి భయపడేవాళ్లు ఎవరూ లేరు, కాబట్టి మనమే పూనుకోవాలి.

హార్నెస్ ఎలా తొడగాలో మాటల్లో చెప్తే అర్థం కాదు. నా కారు కింద పార్కింగ్‌లో నీడన ఉంది, రండి, చూపిస్తాను. ముందు ఆ గోధుమరంగు పగ్‌ను ఎవరైనా నీళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, అప్పట్నుంచీ రొప్పుతోంది.